రొదగాళ్ళ బీలలో తగువు

ఘూకదత్తుడి కోట మీదికి వెళ్ళిన మొనగాళ్ళందరూ చప్పుడు చెయ్యకుండా వెళ్ళి చచ్చారు.

ఈ సంగతి కనకశృంగ రాజకుమారుడు ధీరమల్లుకి ముందే తెలిస్తే, తెడ్లకు గుడ్డలు చుట్టించి, సైనికుల నోళ్ళు బిగగట్టించి, తన సేనాపతిని ఆ కోట మీదికి పంపేవాడు కాదు. పంపాడు. పడవలు తిరిగొచ్చాయి గానీ వాటిలో మనుషులు లేరు. ఇక సేనలతో అయ్యే పని కాదని, మొహానికి మసి పూసుకుని, తలపాగా చుట్టి, గాజుల మలారం భుజాన వేసుకుని, గాజులవాడి వేషంలో తానొక్కడే బయల్దేరి కోట చుట్టూ పరుచుకున్న చిత్తడి బీల ఒడ్డుకు చేరాడు.

వెనక్కి తిరగడానికి వీల్లేదు. అక్క రత్నమేఖల ఆ కోటలో ఉంది. తల్లి పోయిన నాటినుంచీ అన్నం కలిపి ముద్దలు పెట్టి పెంచిన అక్క. మాంత్రికుడు ఘూకదత్తుడు ఇవాళ పొద్దుగూకే వేళకి నదీస్నానం చేసి తిరిగొస్తాడు, రాగానే ఆమెను కరాళీదేవికి బలి ఇస్తాడు. ఇస్తే మూడు లోకాల్లోనూ వాడికి ఎదురుండదట. లోకాల సంగతి ధీరమల్లుకి అక్కర్లేదు. అక్క కావాలి.

అబ్బ, ఆ బీల! కంటికి ఆనినంత దూరం జమ్ము, తుంగ, రెల్లు. మధ్యమధ్య నల్లకలువలు విచ్చుకున్న మడుగులు, అడుగు పెడితే నడుం దాకా మింగేసే ఊబి మీద లేతపచ్చటి నాచు, ఆ నాచు మీద ఒంటికాలి జపం చేసే ఎర్రముక్కు కొంగలు. నట్టనడుమ నల్లరాతి కోట, దాని చుట్టూ బురుజులు. వాటిలో ఎత్తయినది తెల్లగా సున్నం కొట్టిన బురుజు. అక్కను దాచింది అందులోనేనని ధీరమల్లు వేగులవాడు చెప్పాడు. వేగులవాళ్ళు ఎత్తయినదేది కనిపిస్తే అదే చెబుతారనుకోండి.

చూడ్డానికి అంత అందమైన చోట ఒక్క క్షణం కుదురుగా నిలబడలేం. కారణం రొద. ప్రతి జమ్ముకంకినీ పట్టుకుని గుత్తులు గుత్తులుగా పురుగులు. బొటనవేలంత ఉంటాయి. నెమలికంఠం రంగు రెక్కలు, పొట్టకింద బిగించిన డోలుతోలు లాంటి రేకులు. ఆ రేకులు ఒక్కసారి అదిరితే చెవి గింగురుమంటుంది. అలాంటివి కోట్లు. పగలూ రాత్రీ, వానా ఎండా లేదు, కిర్రుకిర్రుమని ఒకటే గోల. పళ్ళు జివ్వుమంటాయి. కడుపులో తాగిన నీళ్ళు కదులుతాయి. బీల జనం వాటిని రొదగాళ్ళని పిలుస్తారు. ముద్దుగానే పిలుస్తారు.

ధీరమల్లు ఒడ్డున అడుగు పెట్టాడో లేదో, మలారంలో గాజులు వాటంతటవే గలగలమన్నాయి. చూస్తుండగానే టిక్కుమని ఒకటి విరిగి రాలింది. వెంటనే ఇంకోటి.

"ఎవడ్రా నువ్వు, బీలకి గాజులు తెచ్చిన తెలివైనోడివి?" అని వినిపించింది.

జమ్ము చాటున దోనెలో ఒక ఆడమనిషి నిలబడి ఉంది. నలభై దాటిన వయసు, చేతిలో గడ, మోచేతుల దాకా వెదురు గాజులు. పేరు తుంగమ్మ. దోనె ముక్కుకి ఒక ఎండిన సొరబుర్ర వేలాడుతోంది. ఒక పక్క కాలి నల్లబడింది. అందులోంచి కూడా రెండు రొదగాళ్ళు కిర్రుమంటున్నాయి.

"ఈ రొదలో గాజు నిలవదురా వెర్రివాడా! ఇక్కడ ఏ ఆడదాని చేతికైనా గాజు గాజులున్నాయేమో చూడు. పెళ్ళికూతురికి కూడా వెదురే" అంది.

ధీరమల్లు మొహం మాడిపోయింది. వేషం వేసేముందు ఎవర్నైనా అడగాల్సింది. రాజుల బిడ్డలు అడగరు కదా!

ఈలోగా ఇంకో దోనె ఒడ్డుకి వస్తోంది. అందులో మొగుడూ పెళ్ళామూ గొంతులు చించుకుని తిట్టుకుంటున్నారు. నీ వంశంలో వంట తెలిసినవాళ్ళు లేరని వాడు, నీ వంశంలో తినడం తెలిసినవాళ్ళు లేరని ఆవిడ. దోనె ఒడ్డుకి తగలగానే ఇద్దరూ టక్కున ఆపేశారు. వాడు ఆమె నెత్తిమీద చేపలబుట్ట అందుకున్నాడు. ఆమె వాడి నుదుటి చెమట కొంగుతో తుడిచింది. ఇద్దరూ నవ్వుకుంటూ గుడిసెల వైపు వెళ్ళిపోయారు.

ధీరమల్లు నోరు తెరుచుకుని చూశాడు. తుంగమ్మ పగలబడి నవ్వింది.

"బీల దాటేటప్పుడు పోట్లాడుకుంటూ దాటాలిరా. ఊపిరి బిగబట్టినవాణ్ణి చూస్తే రొదగాళ్ళకి హడలు. కొంగ బిగబడుతుంది, పాము బిగబడుతుంది, వాటిని తినేదేదైనా ముందు ఊపిరి బిగబడుతుంది. అరుచుకునేవాళ్ళు ఎవర్నీ తినరు, ఒకళ్ళనొకళ్ళు తప్ప. అందుకని వాటికి ధైర్యం."

"పాట పాడుకుంటూ వెళ్తేనో?"

"ఒంటిగొంతంటే కూత పెట్టే వేటగాడనుకుంటాయి. ఊసులాడుకుంటే మధ్యమధ్య ఆగుతారు, ఆగితే చాలు, నోళ్ళు మూసేస్తాయి. అవి నోరు మూశాయా, కోటలో కావలివాళ్ళు లేచి కూర్చుంటారు. వాళ్ళు రొదలో గుర్రుపెట్టి నిద్రపోతారు, నిశ్శబ్దానికి ఉలిక్కిపడి లేస్తారు. లేచి, నిశ్శబ్దం ఎక్కడుందో అక్కడికి బాణాలేస్తారు. మొన్నెవరో పడవల్లో వచ్చారు, ఒక్కడైనా దగ్గితే ఒట్టు! బంగారంలాంటి కుర్రాళ్ళు. మా రేవులోకే కొట్టుకొచ్చారు."

ధీరమల్లుకి ఆ కుర్రాళ్ళు ఎవరో తెలుసు. తన సేనాపతి, తన సైనికులు. తప్పు తనది. "అమ్మా, మా అక్కని ఆ కోటలో బంధించారు. ఇవాళ పొద్దుగూకితే చంపేస్తారు. నన్ను అక్కడికి చేర్చు" అన్నాడు. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. పేర్లు మాత్రం మింగేశాడు.

తుంగమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. "అక్క కోసమా? అయితే ఎక్కు. అమ్మా అనకు. తల్లితో పోట్లాడితే మధ్యలో ఏడుపొస్తుంది. అత్తా అను. అత్తతో ఎంతసేపైనా లాగొచ్చు."

దోనె కదిలింది.

"ఊఁ, మొదలెట్టు!"

ధీరమల్లు ఆలోచించాడు. పుట్టినప్పటినుంచీ గొంతు పెంచకుండా మాట్లాడమని నేర్పిన ఇల్లు వాళ్ళది. "అత్తగారూ, తమరు గడ కాస్త వంకరగా వేస్తున్నారేమోనని నా..."

"ఇది తగువా, పేరంటం పిలుపా? ఏరా, ఆ మూతిమీద ఉన్నవి మీసాలా, చీమలు బారు కట్టాయా?"

"నా మీసాల జోలికి రాకు!"

"వస్తాను! అంటుకున్న మసితో సహా పీకి నీ చేతిలో పెడతాను!"

"పీకే ముందు నీ దోనె చిల్లు పూడ్చుకో! కాళ్ళకింద నీళ్ళు! ఇది దోనెనా, జల్లెడా?"

"అదీ! అలా రా దారికి!" అని తుంగమ్మ సంబరంగా గడ వేసింది. జమ్ములో రొద హోరున లేచింది. దోనె ఆ హోరులోకి దూసుకుపోయింది.

ఇక చూడండి, ఆ ప్రయాణం! దోనె జమ్ము సందుల్లో మెలికలు తిరుగుతోంది, మాట మాటని తరుముతోంది. చేపల పులుసులో బెల్లం వెయ్యాలా వద్దా అన్నదగ్గర ఇద్దరూ నిజంగానే పట్టుదలకి పోయారు. వెయ్యాలని ధీరమల్లు. వేసేవాడి చేతులు విరగాలని తుంగమ్మ. ఆ ఊపులో నల్లకలువల మడుగు మధ్యకి వచ్చేసరికి, నాచుకింద నుంచి మొసలి లేచింది. ఏనుగంత కాదు గానీ, దోనెకంటే చిన్నది మాత్రం కాదు. లేస్తూనే దోనె అంచుని నోట కరిచింది.

"బెల్లం వేస్తే పులుసు పులుసవుతుందా, పాయసమవుతుందా?" అని అరుస్తూ తుంగమ్మ గడతో దాని ముక్కుమీద బాదింది.

"కాస్తంత వేస్తారు! కాస్తంత అంటే నీకు తెలియదా?" అని అరుస్తూ ధీరమల్లు దాని కంటి కేసి కాలితో తన్నాడు. మొసలి దోనె వదిలి ఈసారి అతని మీదికే నోరు తెరిచింది. బాకు తియ్యడానికి వ్యవధి లేదు. భుజాన ఉన్న మలారం గిరుక్కున తిప్పి నిలువునా ఆ నోట్లో దూర్చాడు. మొసలి దవడలు మూసింది. గాజులన్నీ పిండి పిండి. పెంకులు నాలుక నిండా గుచ్చుకుని అది నీళ్ళు అల్లకల్లోలం చేస్తూ అడుక్కి పోయింది.

"నా గాజులన్నీ పోయాయి!"

"అవి గాజులా? పోతేపోయాయి, శని వదిలింది!"

రొద ఒక్క రవ్వ తగ్గలేదు. ధీరమల్లుకి నవ్వొచ్చింది. నవ్వితే ఆగాల్సి వస్తుందని అది కూడా మింగేసి తిట్టాడు.

కోట దగ్గర పడింది. సున్నం కొట్టిన తెల్లబురుజు ఎండలో మెరుస్తోంది. పొద్దు పడమటికి జారుతోంది. అంతసేపటికి తిట్లు అయిపోవచ్చాయి. మీసాలయ్యాయి, పులుసయింది, దోనె అయింది. తుంగమ్మ కొత్తది వెతుక్కుంది.

"ఏ ఊరు రా మీది? కనకశృంగం యాసలా ఉంది?"

"అయితే ఏం?"

"అయితే ఏంట్రా! అందుకే ఇలా తగలడ్డావు. ఆ ఊరి నీళ్ళే అంత. అప్పట్లో మీ మహారాజు ప్రతాపకేతు వేటకని వచ్చాడు మా ఒడ్డుకి. రొదకి నిద్ర పట్టలేదట దొరగారికి! పట్టకపోతే చెవుల్లో దూది పెట్టుకోవాలి. వాడేం చేశాడు? జమ్ముకి నిప్పు పెట్టించాడు!"

"మహారాజుని ఏమీ అనకు!"

"అంటాను! వంద అంటాను! నిద్ర కోసం ఊరు తగలెట్టిన దరిద్రుడు!"

"నోర్ముయ్! ఎవరో చేసిన పని ఆయనకి అంటగట్టకు!"

"నా కళ్ళతో చూశానురా! తెల్లగుర్రమెక్కి నిలబడి చూశాడు, మంట ఆరేదాకా!"

"మా నాన్న అలాంటి మనిషి కాడు!"

అయిపోయింది. నోట్లోంచి మాట జారిపోయింది.

తుంగమ్మ గడ పట్టుకున్న చెయ్యి అక్కడే ఆగింది. అతని మొహంలోకి చూసింది. చెమటకి మసి కరిగి, కింద పసిమి రంగు బయటపడింది. ఆ ముక్కు, ఆ గడ్డం. తెల్లగుర్రం మీద చూసినవే. ఆమె పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. మెల్లగా దోనె అడుగున కూలబడింది.

ధీరమల్లుకి కూడా మాట రాలేదు. నాన్న! పోయేటప్పుడు కూడా తల నిమిరి పోయిన నాన్న. వేట నుంచి వచ్చినప్పుడల్లా అక్కకీ తనకీ నెమలీకలు తెచ్చిన నాన్న. ఆమె అబద్ధం చెప్పడంలేదని ఆమె మొహం చూస్తే తెలిసిపోతోంది.

దోనె చుట్టూ ఉన్న రొదగాళ్ళు ఆగాయి. వాటి పక్కవి ఆగాయి. ఆ పక్కవీ ఆగాయి. నిశ్శబ్దం అలలా కోట గోడల దాకా పాకిపోయింది. అంతసేపటి రొద తర్వాత ఆ నిశ్శబ్దం చెంప మీద కొట్టినట్టు తగిలింది.

అందులో ఒక గొంతు వినిపించింది. కంచులా, ఖంగుమని.

"ఇదేనా అన్నం? గంజి వార్చకుండా తెచ్చి మొహాన పడేస్తే తినడానికి నేనేమన్నా మీ దొర పెంచుకునే గుడ్లగూబనా? ఉప్పు లేదు, పప్పు ఉడకలేదు. చంపబోయే ముందైనా ఒక మంచి ముద్ద పెట్టలేరట్రా మీరు? తీసుకుపో అవతలికి!"

ధీరమల్లు కళ్ళు చెమ్మగిల్లాయి. అక్క! అక్క బతికే ఉంది. బతికి ఉండటమేమిటి, తిడుతోంది! ఆ గొంతు వచ్చింది తెల్లబురుజులోంచి కాదు. ఉత్తరపు మూల, సగం నీళ్ళలోకి ఒరిగి, పై అంతస్తు కూలి, ఎవరూ పట్టించుకోని మొండిబురుజులోంచి. రొద ఆగకపోతే పొద్దుగూకేదాకా తెల్లబురుజు చుట్టూ తిరిగి ఉండేవాడు.

వెంటనే కోట మీద నగారా మోగింది. కావలివాళ్ళు లేచారు. గోడ మీంచి మొదటి బాణాలు సుయ్యిమంటూ వచ్చి దోనె పక్కన నీళ్ళలో పడ్డాయి. ఒకటి దోనె అంచుకి దిగబడి వణికింది. నీటిద్వారం తెరుచుకుని కావలి పడవ బయటికి వచ్చింది.

"అత్తా! ఏదో ఒకటి అను!"

తుంగమ్మ అతనివైపు చూడనైనా చూడలేదు.

"నన్ను తిట్టు! మా నాన్నని తిట్టు, నేనిక అడ్డు రాను!"

అడ్డు రాకపోతే అది తగువెలా అవుతుంది? రొదగాళ్ళు కిక్కురుమనలేదు. ఇంకో బాణం తలపాగాని ఎగరేసుకుపోయింది. కావలి పడవ సూటిగా నిశ్శబ్దం మధ్యకే వస్తోంది. ధీరమల్లు నాలుగువైపులా చూశాడు. దోనె ముక్కున కాలిన సొరబుర్ర కనిపించింది. దాని సంగతి తెలియదు. కానీ ఆ మంటకీ ఆ మచ్చకీ, దోనెలో ఆమె పక్కన మొగుడు లేకపోవడానికీ సంబంధముందని గుండె చెప్పింది. అక్క ప్రాణం కోసం ఒక నీచమైన పని చేశాడు.

"నీ ఇంటివాడు ఆ మంటల్లోనే పోయాడు కదూ? మంటలొస్తుంటే ఎందుకు పోనిచ్చావు? చెయ్యి పట్టుకుని ఆపలేకపోయావా?"

తుంగమ్మ తల ఎత్తింది. గడ లేచింది. అతని వీపు మీద దభీమని పడింది.

"ఆపానురా! కాళ్ళు పట్టుకుని ఆపాను! విన్నాడా? మా పాప ఉయ్యాలకి కట్టిన సొరబుర్ర లోపలుండిపోయిందన్నాడు! పాప ఎటూ పోయింది, దాని రొదగాళ్ళైనా మిగలాలన్నాడు! బుర్ర బయటికి విసిరాడు, తాను రాలేదు! మా జోగులు రాలేదురా!"

"నువ్వూ లోపలికి వెళ్ళాల్సింది!" ధీరమల్లు ఏడుస్తూనే అరిచాడు.

"వెళ్ళబోయాను! నలుగురు పట్టుకున్నారు! మీ నాన్న గుర్రం మీంచి చూస్తున్నాడు!"

"మా నాన్న చేసినదానికి నన్నేం చెయ్యమంటావు?"

"చావమంటాను! కాదు, చావకు! మీ అక్కని బయటికి తెచ్చి, ఆవిడ ముందర నిన్ను కడిగేస్తాను, అప్పటిదాకా బతుకు!"

మొదట సొరబుర్రలోని రెండూ కిర్రుమన్నాయి. తర్వాత పక్క జమ్ముకంకి. ఆ తర్వాత బీల మొత్తం ఒక్కసారి గొంతెత్తింది. నిశ్శబ్దం ఎక్కడిది అక్కడ చెరిగిపోయింది. గోడమీది విలుకాళ్ళు ఎటు వెయ్యాలో తెలియక విల్లులు దించారు.

కావలి పడవ మాత్రం వచ్చి దోనెకి తగిలింది. అందులో బొజ్జ కావలివాడొకడు, కళ్ళు ఇంకా నిద్రమత్తుతో ఉన్నాయి.

"ఏమిటే ముసల్దానా, ఈ గోల?"

"చూడు బాబూ, నువ్వే న్యాయం చెప్పు! ఈ అల్లుడు వెధవ గాజులు కొని తెచ్చాడు బీలకి! వద్దంటే వినడు! మొత్తం మొసలి పాలు!"

"మొసలొస్తుందని నాకేం తెలుసు? దోనె నడిపింది నువ్వు!" అన్నాడు ధీరమల్లు, వీపు రుద్దుకుంటూ.

"గాజులా? బీలకి గాజులా?" కావలివాడు పొట్ట పట్టుకుని నవ్వాడు. "నీకెక్కడ దొరికాడే ఈ మొద్దు? ఇందాక రొద ఆగింది, చూశారా ఎక్కడో?"

"అటు, దక్షిణం దిక్కున! ఎవరో పడవల్లో నక్కి నక్కి పోతున్నారు!" అంది తుంగమ్మ, ఊపిరి తీసుకోకుండానే. "వీడిలా కాదు, మగాళ్ళలా ఉన్నారు!"

కావలి పడవ దక్షిణానికి తిరిగింది. దోనె ఉత్తరానికి తిరిగింది. తుంగమ్మ మొహం తుడుచుకోలేదు. తిట్లూ ఆపలేదు. ధీరమల్లు బదులిస్తూనే ఉన్నాడు గానీ, ఆమె మొహంలోకి చూడ్డానికి ధైర్యం చాలలేదు.

మొండిబురుజు గోడకి దోనె ఆనింది. పొద్దు అప్పటికి రెల్లుపూలకి బారెడు ఎత్తుకి దిగింది. ధీరమల్లు బాకు పళ్ళ మధ్య కరిచి, రాళ్ళ సందుల్లో వేళ్ళు దూర్చి పైకి పాకాడు. పాచి పట్టిన రాళ్ళు. ఒకటి ఊడి నీళ్ళలో పడింది. "పడ్డావంటే నేనెత్తను!" అని కింద నుంచి తుంగమ్మ. "ఎత్తమని ఎవరడిగారు!" అని పళ్ళ సందుల్లోంచి ధీరమల్లు. అలా అరుచుకుంటూనే కిటికీ దగ్గరికి చేరాడు.

తుప్పు తిని వదులైన ఇనుప ఊచలు. వాటికి లోపలివైపు మందపాటి చెక్కతలుపు, సందులు నెర్రెలిచ్చింది. బాకు దూర్చి పెకలిస్తే గడియ ఊడి, తలుపు లోపలికి పడింది.

చీకటి గదిలో రత్నమేఖల నిలబడి ఉంది. జుట్టు రేగిపోయింది, చీర మాసిపోయింది, తల మాత్రం వంగలేదు. ఎడమకాలికి నల్లటి గొలుసు. అవతలి కొస గోడలోకి వెళ్ళింది.

"ఎవడ్రా అది?"

"గాజులమ్మా, గాజులు" అన్నాడు ధీరమల్లు.

రత్నమేఖల రెండు అంగల్లో కిటికీవైపు వచ్చింది. గొలుసు బిగుసుకుంది. చెయ్యి చాస్తే వేళ్ళ కొసలు ఊచల దాకా అందాయి. ఆ వేళ్ళతోనే అతని చెంప మీది మసి తుడిచింది. "మల్లూ... ఇలా చిక్కిపోయావేమిట్రా? వేళకి తింటున్నావా?"

అతను ఆ వేళ్ళు పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

బురుజు కింద రొద పలచబడింది.

"ముద్దులు తర్వాత! తిట్టుకోండర్రా!" అని కింద నుంచి తుంగమ్మ గడతో దోనె బాదింది.

"అక్కా, నన్ను తిట్టు. ఆగకుండా తిట్టు. ఆగితే కావలివాళ్ళు లేస్తారు!"

"నిన్ను తిట్టడానికి ఇప్పుడు నాకు మనసెలా వస్తుందిరా? విను. ఈ గొలుసు ఘూకదత్తుడు మంత్రించిన నల్లగాజు. ఇనుముతో తెగదు, నిప్పుతో కరగదు. తెగదని చూపించడానికి వాడే రెండు రంపాలు విరిచాడు. వాడొచ్చే వేళైంది. నువ్వు వెళ్ళిపో."

"వెళ్ళను."

"వెళ్ళమంటున్నానా?"

"వెళ్ళనంటున్నానా!"

"చిన్నప్పటినుంచీ ఇంతే! ఒక్క మాట వినవు! నా దంతపు కడియం విరగ్గొట్టి ధాన్యం గాదెలో దాచిన దొంగవి! రాజ్యం ఎవరు చూస్తార్రా, నువ్వు కూడా చస్తే?"

"ఎవరైనా చూసుకోనీ! అక్క లేని రాజ్యం నాకెందుకు, ఉప్పేసుకుని తినడానికా?"

"పోరా మొండి వెధవా!"

"పోనే మొండిదానా!"

బీల దద్దరిల్లిపోయింది. అంతవరకూ ఆ మందపాటి గోడల లోపలికి ఎప్పుడూ ఇంతలా రాని రొద, తలుపు లేని కిటికీలోంచి గదిలోకి పోటెత్తింది. పైనున్న సున్నం పెచ్చులు రాలాయి. అన్నం పళ్ళెం నేలమీద తనంతట తానే కదిలింది. రత్నమేఖల ఏదో అనబోయి, ఉలిక్కిపడి కాలివైపు చూసింది.

గొలుసు వణుకుతోంది. గుంయ్‌మని సన్నగా మూలుగుతోంది.

ధీరమల్లుకి మలారంలో వాటంతటవే విరిగి రాలిన గాజులు గుర్తొచ్చాయి. "గాజు, అక్కా! బీలలో గాజు నిలవదు! తిట్టు! ఇంకా గట్టిగా తిట్టు!"

కింద తుంగమ్మ కూడా గొంతు కలిపింది. నిప్పు పెట్టిన రాజుని, వాడి కొడుకుని, బెల్లం వేసిన పులుసుని అన్నిటినీ కలిపి ఉతికేస్తోంది. గొలుసు కడియం దగ్గర వెంట్రుకంత గీత పడింది.

సరిగ్గా అప్పుడే పడమటి రేవులో ఘూకదత్తుడి శంఖం మోగింది. సూర్యబింబం అంచు రెల్లుకి తగిలింది. ధీరమల్లు ఒక్క క్షణం తల తిప్పి అటు చూశాడు. నోట మాట ఆగింది.

రత్నమేఖల ఊచల్లోంచి చెయ్యి చాపి అతని జుట్టు దొరకబుచ్చుకుని ఒక్క గుంజు గుంజింది.

"అటు చూడకురా మొద్దూ!" అని అరిచింది, రెండు కళ్ళలోంచీ నీళ్ళు కారుతుంటే. "నాతో పోట్లాడు!"